శ్రావణమున అరకు దారి

విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్ల దూరము. పెందుర్తి, కొత్తవలసల మీదుగా శృంగవరపుకోట వఱకు దారి చదునుగా సాగి, బొడ్డవర దాటిన పిదప కొండ నెక్క నారంభించును. వేసవిలో ఆ దారిని పోయినవారు చూచునది వేఱు, శ్రావణమున పోయినవారు చూచునది వేఱు. వేసవిలో కొండలు దూరముననే నిలిచియుండును. శ్రావణమున మేఘములు రోడ్డుమీదికే దిగి వచ్చును. మలుపు మలుపునకు నొక సెలయేఱు నూలుపోగువలె తెల్లగా వ్రేలాడుచుండును. ఈ సొగసు చూడవలెనని మేము రెండుమారులు పోయితిమి. మొదటిమారు, అనగా 2024 శ్రావణమున, మేము చూచినది మా పాదముల క్రింది బురదయు, మావారి వీపును మాత్రమే.

సోదరీమణులారా, ఈ వ్యాసమున కొండలను గుఱించి కొంతయు, కొండమీది వానలో ఒడలిపై నుండదగిన గుడ్డను గుఱించి అంతకంటె నెక్కువయు చెప్పబోవుచున్నాము. ప్రకృతివర్ణన కోరి ఈ పుట తెఱచినవారు మమ్ము మన్నింతురుగాక. తడిసి వణకువారి కన్నులకు ప్రకృతి కనబడదు. ఇది మాకు స్వానుభవము.

అరకులోయలో మా పెద్దాడుబిడ్డ కాపురమున్నది. ఆమె యింట వరలక్ష్మీవ్రతమునకు రమ్మని పిలుపు వచ్చెను. ఉదయమున బయలుదేరు కిరండూలు రైలులో చోటు దొరకలేదు. పండుగనాళ్ళ బస్సుల సంగతి చెప్పనక్కఱలేదు. మావారు, "మోటారుసైకిలుమీద పోవుదము. నాలుగు గంటల ప్రయాణము" అనిరి. మేమును సంతోషించితిమి.

మావారికి బడికి పోయివచ్చుటకు వానదుస్తులు కలవు. కోటు వేఱు, పంట్లాము వేఱు. రెండు వానకాలములు వాడినను చెక్కు చెదరలేదు. మాకు లేవు. సంవత్సరమున కొకమారు వెనుక కూర్చుండుదాని కంత ధనము పోయుట యెందులకని అన్నవారు ఆయన కారు, మేమే. ఇంటి ఖర్చులలో తన వంతు ముందుగా తానే కొట్టివేసికొనుట మన ఆడువారికి పెట్టని గుణము. అది త్యాగమని అప్పుడు తలచితిమి. పిమ్మట నాలోచింపగా అందు కొంత సోమరితనమును కలదు. మన కొలత మనమడిగి, మనకు తగినది మనము వెదకికొనుట కంటె, "నాకేమియు వలదు" అనుట సులభము.

ప్రయాణమునకు ముందునాటి సాయంకాలము ఒక చిన్న యంగడిలో 250 రూపాయలకు ఒక ముసుగు కొంటిమి. చేతులులేని దుప్పటివంటిది. నడుమ తల దూర్చుటకు రంధ్రమును, దానికొక టోపియు నున్నవి. కొలత యెంత యని యడుగగా అంగడివాడు, "కొలతతో పనిలేదమ్మా, ఇది అందఱికిని సరిపోవును" అనెను. అందఱికిని సరిపోవునదనగా ఎవరి కొలతకును కుట్టనిదని మాకా క్షణమున తట్టలేదు.

మఱునాడు తెల్లవాఱుజామున బయలుదేరితిమి. కొత్తవలస దాటువఱకు మబ్బే గాని చినుకు లేదు. శృంగవరపుకోట చేరువను వరినాట్లు సాగుచుండెను. ఆడువారు వరుసగా వంగి నాట్లు వేయుచు, ప్లాస్టిక్ గోతము నొక మూలను రెండవ మూలలోనికి దోపి కొప్పెరగా చేసి తలమీదుగా వీపుమీదికి వేసికొనియుండిరి. మా మాతామహి చిన్ననాట తాటాకు గిడుగు వేసికొని పొలమునకు పోయెడిదట. ఆమె చెప్పగా వింటిమి. తలనుండి నడుము వఱకు వీపును కప్పుచు, ముందువైపు తెఱచియుండునది. నిలువుగా నిలిచినవానికి గిడుగు సగము కప్పే. కాని నాటు వేయువారు నిలువుగా నిలువరు గదా! వంగిన వీపునకు అది సరిగా నమరును, రెండు చేతులును పనికి విడువబడును. ఆనాడు బండిమీదినుండి ఆ కొప్పెరలను చూచి, పాపము, వీరికి మంచి గొడుగైనను లేదే యని జాలిపడితిమి. జాలిపడవలసినది ఎవరిని గుఱించియో రెండు గంటలలో తెలియవచ్చెను.

బొడ్డవర దాటగానే వాన యందుకొనెను. మేము చీర కట్టుకొని ప్రక్కవాటముగా కూర్చుండియుంటిమి. ముసుగు మొదట మోకాళ్ళను కప్పి బాగుగనే యుండెను. బండి వేగమందుకొనగానే అందులోనికి గాలి దూఱి తెఱచాపవలె నుబ్బెను. ఒక చేతితో బండిని, ఒక చేతితో ముసుగు నంచును పట్టుకొంటిమి. అంచు పట్టుకొన్నచోట గుంట యేర్పడి, మావారి వీపుమీదుగా జాఱిన నీరంతయు మా యొడిలో చెఱువైనది. మోకాళ్ళక్రింద చీరకుచ్చెళ్ళు తడిసి రాతివలె బరువెక్కెను. చేతులుండవలసినచోట చేతులు లేవు గనుక మోచేతులనుండి నీరు చంకలలోనికి కాఱెను.

టైడా దాటిన పిదప ఒక మలుపున ఏదో కాలినవాసన వచ్చెను. ముసుగు వెనుకయంచు కుడివైపునకు పోయి పొగగొట్టమును తాకి కరగుచున్నది. అది యేమో చూతమని మేము తల త్రిప్పునంతలో మెడయొద్ద ఎవరో వెనుకకు లాగినట్లయ్యెను. అంచు వెనుకచక్రపు ఊచలలో చిక్కుకొనెను. రంధ్రపు కంఠము మా గొంతునకు బిగిసెను. కేక వేయుటకైనను ఊపిరి చాలలేదు. మావారి భుజమును గట్టిగా గ్రుద్దితిమి. ఎక్కుడుదారియగుటచే బండి నడకవేగమున నున్నది. అందుచేత వెంటనే నిలిచెను. అదియే దిగుడుదారియైన, ఈ వ్యాసము వ్రాయువారెవరో!

మా బండికి శారీగార్డున్నది. అది ఎడమవైపున మాత్రమే యున్నది. చీరకుచ్చెళ్ళను అది కాపాడెను గాని, గాలి కెగిరి కుడివైపునకు పోయిన ముసుగు నది యేమి చేయగలదు? వెనుక కూర్చుండువారి బట్టలు చక్రమున చిక్కుకొనుట క్రొత్త సంగతి కాదు. 1989 నాటి కేంద్ర మోటారువాహనముల నిబంధనలలో 123వ దానియందు, వెనుకవారికి చేతిపట్టును, పాదములు మోపుటకు ఆధారమును, బట్టలు చిక్కుకొనకుండ వెనుకచక్రమున సగమునకు తక్కువకాకుండ కప్పు రక్షణయు నుండవలెనని స్పష్టముగా నున్నది. ఆ నిబంధన వ్రాసినవారు మన కుచ్చెళ్ళను, పైటచెఱగులను తలచుకొనియే వ్రాసియుందురు. చక్రమునందు కప్పబడని సగము మాత్రము మన జాగ్రత్తకు వదలిరి.

మావారి చేతులు వణకుటచే గుడ్డ ఊడిరాలేదు. ఆ దారిని కట్టెలమోపుతో దిగుచున్న గిరిజనస్త్రీ యొకతె మోపు దించి, నడుమున దోపిన కత్తి తీసి, రెండు వ్రేటులలో ముసుగును కోసి మమ్ము విడిపించెను. ఆమె మీదను ఒక ప్లాస్టిక్ పట్టాయే యున్నది. కాని నడుమునకు త్రాటితో బిగించి కట్టుకొనియుండెను. మా ముసుగుపీలికను ఎత్తి చూచి నవ్వి, తన నడుము త్రాటిని వ్రేలితో తట్టి చూపెను. భాష యక్కఱలేకయే పాఠము చెప్పినది. చేతిలో డబ్బు పెట్టబోగా తీసికొనక, మోపు నెత్తి తలమీద పెట్టుమని సైగ చేసెను. పెట్టితిమి.

అచటినుండి అరకు చేరుటకు రెండు గంటలు పట్టెను. ఎత్తు వేయి మీటర్లు పెరిగినకొలది వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గును. తడిసినబట్ట పొడిగాలికంటె ఎన్నోరెట్లు వేగముగా ఒడలివేడిని లాగివేయును. దానిపైని బండి వేగపు గాలి విసనకఱ్ఱ. గాలికొండకు ఆ పేరెందులకు వచ్చెనో మా దంతములకు తెలిసినది. ఇల్లు చేరినపుడు మా వ్రేళ్ళు నీలివన్నె తిరిగి యుండెను. ఆ రాత్రియే జ్వరము. మఱునాడు ముత్తైదువలు వాయనము లందుకొనుచున్న సందడిని వెనుకగదిలో రగ్గు కప్పుకొని వింటిమి. ఆడుబిడ్డ తోరము తెచ్చి పడకమీదనే మా చేతికి కట్టి, ఏమియు ననక, కన్నులు తుడుచుకొని పోయెను. మావారు మూడుదినములు సరిగా అన్నము తినలేదు.

పడకమీద నున్నప్పుడు మాకు తఱుచుగా మనుచరిత్రలోని ప్రవరుడు తలపునకు వచ్చెను. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసికొని హిమగిరికి ఎగిరిపోయిన ఆ బ్రాహ్మణునికి, మంచునీటికి పసరు కరగినపిదప గాని తన స్థితి తెలియలేదు. చిన్ననాట నాన్నగారు ఆ ఘట్టము చదివించినపుడు వరూధినిని గుఱించియే మా ధ్యాస. ఇప్పుడు పసరును గుఱించి యాలోచించితిమి. పోవునది మంచుకొండకు గదా, ఈ లేపము తడికి నిలుచునా యని ఒక్కమాట సిద్ధుని అడిగినవాడు కాడే! మేము మాత్రమేమి యడిగితిమి? వెల యడిగితిమి.

మఱుసటి సంవత్సరము, 2025లో, ఆషాఢముననే మేమిద్దరము కలిసి అంగళ్ళు తిరుగ నారంభించితిమి. ఈమారు తొందర లేదు. తిరిగిన కొలదియు తెలిసినదేమనగా, నీరుచొరని గుడ్డ యనునది ఒక్కటి కాదు. నూలుగుడ్డలకు నడుమ రబ్బరు పూసి వానకోటులు చేయు పద్ధతికి 1823లో చార్లెస్ మాకింటాష్ అను స్కాట్లాండు దొర హక్కు పొందెను. ఇంగ్లీషువారు వానకోటును నేటికిని ఆయన పేరుతోనే పిలుతురు. ఆ మొదటి కోటులకు గుడ్డ బాగుండినను కుట్లగుండ నీరు కాఱెడిదట. రెండువందల యేండ్లు గడచినను నేటి చౌకకోటుల రోగము నదియే. సూది దిగినచోటెల్ల రంధ్రమే గదా! కుట్టుమిషను త్రొక్కు మనకీ సంగతి ఒకరు చెప్పవలెనా? మంచి కోటులో ప్రతికుట్టు మీదను లోపలివైపున నిగనిగలాడు సన్నని పట్టీని వేడితో అతికింతురు. కావున అంగడిలో కోటు నిచ్చినవెంటనే మేము లోపలిది పైకి త్రిప్పుట నేర్చితిమి. పట్టీ యున్నదా, మూలలయందు గోటితో గీరిన లేచుచున్నదా యని చూచి గాని మిగిలిన మాటలాడలేదు. మూడు అంగళ్ళలో ఈ పనికే మమ్ము విసుగుకొనిరి.

గుడ్డ విషయము కొంత చెప్పుదుము. పి.వి.సి. పూత పెట్టినవి చౌక. నీటిని గట్టిగా ఆపును గాని బరువు, గాలి యాడదు. గంటసేపు తొడిగిన చెమటకే తడియుదుము. మడతలవెంట పగులును. పాలియురిథేన్ పూత పెట్టిన నైలాను గుడ్డ తేలిక, చిన్న సంచిలో పట్టును. మా వంటివారికి అది చాలును. కాని తడిగా మడిచి పెట్టెలో పెట్టిన కొన్నాళ్ళకు పూత జిగటయై పొరలుపొరలుగా ఊడును. వీటికిపైన సూక్ష్మరంధ్రములుగల పొరతో చేసిన వస్త్రములున్నవి. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ కనిపెట్టిన పొర వానిలో ప్రసిద్ధము. ఆ రంధ్రములు నీటిబొట్టుకంటె కొన్నివేల రెట్లు చిన్నవగుటచే వాన లోనికి రాదు, చెమట ఆవిరి మాత్రము బయటికి పోవును. వెల చూచి తిరిగి అంగడివానికే సమర్పించితిమి. ఏ గుడ్డయైనను క్రొత్తలో నీరు తామరాకుమీది బొట్టువలె దొరలును. అది పైపూత మహిమ. అంగడివాడు నాలుగుచుక్కలు చల్లి చూపునది దానినే. ఆ పూత వాడుకలో అరుగును గనుక అది చూచి మోసపోరాదు. కొన్ని కోటుల చీటీపై 5,000 అనియు 10,000 అనియు మిల్లీమీటర్ల లెక్క యుండును. గుడ్డపై నీటిస్తంభమును నిలిపి, ఎంత యెత్తునకు లోనికి కాఱునో చూచి వేసిన లెక్క యది. ఎక్కువ యున్నది మేలు. కుట్లకు పట్టీ లేనిచో ఆ లెక్క కాగితమునకే పరిమితము.

ఇదంతయు తెలిసినంతమాత్రమున కోటు దొరకలేదు. ఎందుకనగా గుడ్డ బాగున్నది ఒడలికి చాలదు, ఒడలికి చాలినది భుజములు జాఱును. మగవారి కొలతలకు కుట్టినవానిలో చిన్నది తీసికొని ఆడువారికిత్తురు. భుజములు వెడల్పు, తుంట్లయొద్ద బిగువు. నిలుచుండి అద్దములో చూచుకొన్నచో అంతయు సరిగనే యున్నట్లు తోచును. మేము బండిమీద నిలుచుండి పోవుదుమా? ఒక అంగడిలో పంట్లాము బాగుగ నమరినది. మాకెందుకో శృంగవరపుకోట వరిచేలు జ్ఞప్తికి వచ్చినవి. ఆ కొప్పెర వంగిన వీపునకు కొలిచినది గదా యని తోచి, "బండిమీద కూర్చుండి చూతుము" అంటిమి.

బండి వీధిలో నున్నది. సాయంకాలపు సందడి. ముప్పదియేండ్లు దాటిన గృహిణి పసుపుపచ్చని వానపంట్లాము తొడిగి, వీధిలో నిలిపియున్న బండి యెక్కి, చేతులు ముందునకు చాచి కూర్చుండుట యనగా ఏమగునో ఊహించుకొనుడు. అంగడిలోని కుఱ్ఱవాండ్రు నవ్వు ఆపుకొనలేకపోయిరి. ఎదుటి తినుబండారముల బండివాడు దోసె త్రిప్పుట మఱచి చూచుచుండెను. మావారు మెల్లగా, "లోపల స్టూలుమీద కూర్చుండి చూచుకొన్న చాలదా?" అనిరి. "మీరు ముందు కూర్చుండుడు. మీరు లేనిదే నా మోకాళ్ళెచట నుండునో తెలియదు" అని మేమంటిమి. ఆయన ఒక్క క్షణము మా మొగము చూచి, మాఱుమాటాడక వచ్చి కూర్చుండిరి.

కూర్చుండగానే బండారము బయటపడెను. నిలుచున్నపుడు మడమ వఱకున్న పంట్లాము జానెడు పైకి పోయి పిక్కలు కనబడెను. తుంట్లయొద్ద కుట్టు పిగులుటకు సిద్ధముగ నుండెను. చేయి చాచగా కోటు చేతులు మణికట్టు దాటి వెనుకకు పోయెను. వెనుకవైపు కోటు పైకి లేచి నడుమున వ్రేలెడు సందు తెఱచుకొనెను. అద్దములో అమరినది బండిమీద నొక్కటియు అమరలేదు. అంతకంటె రెండు కొలతలు పెద్దదియైన పంట్లామును, ఒక కొలత పెద్దదియైన కోటును తెప్పించితిమి. అవి నిలుచున్నపుడు వికారముగ నున్నవి. కూర్చున్నపుడు పాదమును కప్పి, బూటుమీదికి దిగినవి. మణికట్టునను, చీలమండలయొద్దను వెల్క్రోపట్టీ లున్నవి గనుక మిగిలిన వదులును బిగించుకొంటిమి. నడుమున లాగు త్రాడు గలదు. ఆ కొండదారి యమ్మను తలచుకొని దానిని రెండుమారులు ముడివేసి చూచితిమి. చుడీదారు మీదను, చలికోటు మీదను తొడిగియే కొలత చూడవలెనని మఱువక, స్వెట్టరుకూడ సంచిలో తీసికొనిపోయితిమి. ఆషాఢపు ఉక్కలో స్వెట్టరు వేసికొన్నందుకు చూచువారికి ఇంకొక వినోదము.

మఱి రెండు సంగతులు అంగడిలోనే చూచుకొంటిమి. పంట్లాములో నాలుగు కుట్లు కలియు చోటు, అనగా మనము కూర్చుండు చోటు, అన్నిటికంటె గడ్డుది. సీటుమీది నీటిగుంటలో ఆ కుట్టుమీదనే మన బరువంతయు పడును. అచట వేఱొక ముక్క వేసి కుట్టును ప్రక్కకు తప్పించినది మేలైనది. జిప్పునకు పైన గుడ్డరెప్ప రెండు పొరలుగా నుండవలయును. టోపిని హెల్మెట్టు లోపల దోపుకొనుట మాకు నచ్చలేదు. తల త్రిప్పినపుడు టోపి తిరుగదు, ప్రక్కచూపు పోవును. హెల్మెట్టు విషయమున వాదము లేదు. 1988 నాటి చట్టము 129వ సెక్షను ముందువారికిని, వెనుకవారికిని దానిని విధించినది. రంగు పసుపుపచ్చనే యుంచితిమి. మబ్బులో నలుపు కనబడదు.

పంట్లాము పొడవని దర్జీచేత పొట్టి చేయించబోకుడు. మోకాటియొద్ద సూది దిగినచో అంతటితో సరి. అట్లే గుండుసూదులు, పిన్నీసులు గ్రుచ్చరాదు. ఇల్లు చేరగానే స్నానాలగదిలో తొడిగి, లోపల పాతచీరముక్కలు చుట్టుకొని, పదినిమిషములు ధారక్రింద బోర్లించిన బకెట్టుమీద కూర్చుండితిమి. అత్తగారు తలుపుతట్టి ఏమి జరుగుచున్నదని యడిగిరి. నిలుచున్నపుడు పొడిగ నున్న ముక్క కూర్చున్నపుడు ఎడమతొడ యొద్ద తడిసెను. మఱునాడు తీసికొనిపోయి మార్చుకొంటిమి. కొన్నదానికి చీటీ దాచుకొనుట మేలు.

బయలుదేరునాడు అత్తగారు, "ఆడుబిడ్డ యింటికి వ్రతమునకు చుడీదారుతో పోవుదువా?" అనిరి. పట్టుచీరను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టినది చూపితిమి. ఆమె దానిని విప్పి, చూచి, తిరిగి మడిచి, రవికెకూడ తడవకుండ నింకొక సంచి వేసిరి. పోయిన సంవత్సరపు ముసుగుపీలిక ఇంకను వంటింటి మూలను వ్రేలాడుచున్నది. ఆమె దానివంక నొకమారు చూచి మఱేమియు ననలేదు.

ఈమారు వాన శృంగవరపుకోట యొద్దనే పట్టుకొనెను. ఒక దుకాణపు పంచలో ఆగి దుస్తులు తొడిగితిమి. వాన ముదిరినపిదప తొడుగుట తడిని లోపల దాచుకొనుటయే యగును. ఈమారు ఇరుప్రక్కల కాళ్ళు వేసి కూర్చుంటిమి. ఘాటుదారి యెక్కుచుండగా గాలి కొట్టినను కోటు ఒడలినంటియే యున్నది. రెండు చేతులును ఖాళీ. ఇది ఎంతటి భాగ్యమో తొలిసారి తెలిసెను. మొదటిమారు ముసుగంచును పట్టుకొనుటతోనే మా జన్మ సరిపోయినది.

అంతయు సుఖముగా జరిగినదని వ్రాసిన అబద్ధమగును. హెల్మెట్టు వెనుకయంచునుండి కాఱిన నీరు సరిగా మా మెడపట్టీ సందులోనికి దారి చేసికొనెను. అంగడిలో అన్నియు చూచితిమి గాని హెల్మెట్టు పెట్టుకొని మెడపట్టీని చూడలేదు. ఒక చిన్న నూలురుమాలు కాకుండ, నీరుచొరని మెడగుడ్డ యుండవలసినది. అట్లే కోటు చేతులను చేతితొడుగులలోనికి దోపుకొంటిమి. భుజమునుండి జాఱిన నీరంతయు తొడుగులో నిండి, టైడా చేరునప్పటికి పిడికిట చెఱువు. అచట ఆగి తొడుగులు పిండి, ఈమారు కోటు చేతులను వానిపైకి దించితిమి. ఇంటికప్పుపెంకులు పరచు వరుస గదా, పైది క్రిందిదానిపై రావలెను. పంట్లాము బూటుమీదికి వచ్చుటయు నిందుకే.

టైడా దాటిన ఆ మలుపు వచ్చినపుడు మావారు అడుగకయే బండి ఆపిరి. దిగి నిలుచుంటిమి. కట్టెలమోపు అమ్మ కనబడునేమో యని చూచితిమి గాని ఆ వానలో ఎవరును లేరు. బొఱ్ఱా గుహలకు చీలు దారిని విడిచి, అనంతగిరి మీదుగా పైకి పోతిమి. గుహలలోనికి పోవు తీరిక లేదు.

అనంతగిరి దాటినది మొదలు కాఫీతోటలు. ఇది మేము పోయిన సంవత్సరమును దాటిన దారియే. ఇందు ఒక్క చెట్టైనను మాకు జ్ఞప్తిలో లేదు. పొడవైన సిల్వర్ ఓక్ వృక్షముల నీడలో కాఫీపొదలు, ఆ వృక్షములకు చుట్టుకొని మిరియపుతీగలు. కాఫీకాయలు ఇంకను పచ్చివి, కొమ్మనంటి గుత్తులుగా నుండెను. వాన ఆకులమీద పడు చప్పుడు ఒకటి, మా కోటుమీద పడు చప్పుడు ఒకటి. లోపల స్వెట్టరు పొడిగ వెచ్చగ నున్నది. గాలికొండయొద్ద మేఘము మా క్రిందుగా పోవుచుండెను. ఒక నిమిషము లోయ తెఱచుకొని, దూరమున రైలుకట్ట యొక సొరంగములోనికి దూఱుట కనబడి, తిరిగి మూసికొనెను. మేము చాలసేపు నిలుచుంటిమి. మావారు, "చలివేయుట లేదా?" యని మూడుమారులు అడిగిరి. వేయలేదు.

మధ్యాహ్నమునకు ముందే అరకు చేరితిమి. దుస్తులను పిండక, దులిపి, పంచలో దండెముమీద నీడను ఆరవేసితిమి. వానిని ఎండలో మాడ్చరాదు, ఇస్త్రీ చేయరాదు, పూర్తిగా ఆరక మడువరాదు. సాయంకాలమునకు పట్టుచీర సంచినుండి పొడిగ వెడలెను. మఱునాడు వాయనము అందుకొని, అందిచ్చి, ముత్తైదువలకు పసుపు రాసితిమి. వెనుకగది తలుపు తెఱచియున్నది. అందులోనికి మేము పోలేదు.

వ్రతము ముగిసినపిదప మా ఆడుబిడ్డ పంచలోనికి వచ్చి, ఆ పసుపుపచ్చని పంట్లామును అటునిటు త్రిప్పి చూచి, చీరమీదనే తొడిగికొనెను. ఆమెయు తన యాయన వెనుక కూర్చుండి వారమున కొకమారు సంతకు పోవును. అద్దము తెమ్మందు వేమో యని చూచితిమి. ఆమె పీట తెచ్చి వేసికొని, దానిపై కూర్చుండి, మోకాళ్ళు రెండును వెడల్పుగా మడిచి, చీలమండలవంక చూచుకొని, "ఇది నాకు చాలదే! నా కొలతది వేఱు తేవలయును" అనెను.